ఎప్పటికైనా దిద్దుతారు

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం ఆఫీసుది. గడుల కాగితం. బొమ్మలు గీసుకోమని ఇచ్చారు. ఇప్పుడు బొమ్మలన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నాం కాబట్టి రెండేళ్ళుగా సొరుగులో ఊరికే పడి ఉంది. పది రోజులుగా నాకు కడుపులో మంట. "మనసులో ఏమన్నా పెట్టుకుని తిరుగుతున్నారా?" అన్నాడు డాక్టరు. లేదన్నాను. "ఉంటే కాగితం మీద పెట్టండి" అని మాత్రలు రాసి పంపాడు. సరే, పెడుతున్నాను. లేనివి ఎలా పెట్టాలో మాత్రం చెప్పలేదు మహానుభావుడు.

నిజానికి ఇవాళ సంతోషించాల్సిన రోజు. కోర్సు మొదలై నెల నిండింది. ఆసుపత్రుల్లో పనిచేసే వార్డు సహాయకులు ఆరు వందల పన్నెండు మంది ఫోన్లలో చదువుతున్నారు. ఏప్రిల్ ముప్ఫైలోగా పూర్తి చెయ్యనివాళ్ళకి వార్డులో పని ఉండదని ఆసుపత్రులవాళ్ళు ముందే చెప్పేశారు. ఇంతమంది కూడు ఆధారపడిన కోర్సుని పాఠాలు రాసేవాళ్ళ దయకి వదిలేస్తామా? అందుకే నేను. పాఠాలు వాళ్ళు రాస్తారు. మనిషి ఎక్కడ మొదలవ్వాలి, తప్పితే ఎటు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, అదంతా నేను గీస్తాను. ఒక్కో దశకి ఒక గడి, గడికీ గడికీ మధ్య బాణం. గీస్తే సరిపోదు, ఆ బొమ్మని మోడలింగ్ భాషలో లెక్క రాసినంత కచ్చితంగా రాయాలి. రాసింది తనిఖీ ప్రోగ్రాముకి ఇస్తే, మనుషులు నడవడానికి వీలున్న లక్షల దారులు అదే నడిచి చూస్తుంది. ఎవరైనా ఎక్కడైనా ఇరుక్కుపోయే వీలుంటే ఎర్రగా చూపిస్తుంది. లేకపోతే పచ్చ.

మాది పచ్చ. నవంబర్లోనే పచ్చ. "వేరేవాళ్ళు తమ కోర్సు బాగుందని చెప్పుకుంటారు, మనం బాగుందని నిరూపించాం" అని డైరెక్టరుగారు ఇవాళ అందరి ముందూ అన్నారు. ప్రోగ్రాములు రాసే అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. ఆ అమ్మాయి ఎప్పుడూ అంతే, మొహం గంటు పెట్టుకుని కూర్చుంటుంది.

ఆరు వందల పన్నెండు మందిలో మా అక్క కూడా ఉంది. ఇరవై రెండేళ్ళ నుంచి అదే ఆసుపత్రి, అదే వార్డు. ఎవరికీ చెప్పలేదు నేను. చెబితే పక్షపాతం అంటారు.

మార్చి 9, ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లోనే. పదిహేనేళ్ళ అలవాటు. బావ చనిపోయిన నెల తప్ప ఒక్క వారం కూడా మానలేదు.

"కోర్సు ఎంతవరకొచ్చింది?" అన్నాను.

"అవుతోందిలేరా. మూడు పాఠాలూ గబగబా అయిపోయాయి. అవన్నీ టిక్కులు పెట్టేవేగా. నాలుగోది రాయాలన్నారు, రాసి పంపాను. అప్పట్నించీ దిద్దుతున్నారు, వేచి ఉండండి అని వస్తోంది." ఆ రెండు మాటలూ నేను రాసినవే. నాలుగో పాఠం ఒక్కటే సొంత మాటల్లో రాయాలి, దాన్ని మనిషే చదివి దిద్దాలి. దిద్దాకే ఐదోది తెరుచుకుంటుంది.

బొమ్మ చూపించమంది. ఫోన్లో తీసి చూపించాను. అక్క కళ్ళద్దాలు పైకి జరుపుకుని, వార్డులో చార్టు చదివినట్టు మొదటి నుంచీ వేలు పెట్టుకుంటూ వచ్చింది. మేనకోడలు వెనక నుంచి తొంగిచూసి, "ఇదేంటి మామయ్యా, ఇల్లు కట్టే ప్లానా?" అని నవ్వింది.

"ఇందులో నేనెక్కడున్నాను?" అంది అక్క.

"ఇదిగో, ఈ గడిలో. వేచి ఉన్నావు."

"దీంట్లోంచి బయటికి దారేది?"

"ఈ బాణం. మాస్టారు దిద్దగానే ఇటు వెళ్తావు."

"దిద్దకపోతే?"

"దిద్దుతారు."

"ఎప్పుడు?"

"ఎప్పటికైనా దిద్దుతారక్కా. మోడల్లో అలా రాసి ఉంది."

"రాసి ఉందా? అయితే సరే" అని లేచి నా కంచంలో ఇంకాస్త వడ్డించింది. వద్దన్నా వినదు.

మార్చి 11

మంట తగ్గలేదు. మాత్ర మార్చాడు.

మార్చి 13, గురువారం

వారం జాబితా వచ్చింది. పేర్లు మాకు చూపించరు, నంబర్లే. పూర్తి చేసినవాళ్ళు పచ్చ, నడుస్తున్నవాళ్ళు తెలుపు, ఒకేచోట పది రోజులు దాటినవాళ్ళు పసుపు. పసుపులో ఇరవై మూడు మంది. అందరూ నాలుగో పాఠం దగ్గరే.

ప్రోగ్రామరమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "నాలుగో పాఠం ఎవరు దిద్దుతున్నారు సార్?"

"మాస్టారు."

"మాస్టారు జనవరిలోనే వెళ్ళిపోయారు కదండీ. మీరే కదా పూలగుత్తి ఇచ్చింది."

ఇచ్చాను. కళ్ళు బాగా దెబ్బతిన్నాయి, ఇక తెర చూడలేనని మానేశారు ఆయన. ముప్ఫై ఏళ్ళు నర్సులకి పాఠం చెప్పిన మనిషి. ఆ రోజు కేకు కూడా బాగుంది.

"ఇంకెవర్నో వేసి ఉంటారు" అన్నాను. "ఎవర్ని?" అంది. "అది నా పని కాదు, డైరెక్టరుగారి పని" అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనకుండా వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆమె వెళ్ళాక ఆ ఇరవై మూడు నంబర్ల రాకపోకలు చూశాను. చాలామంది వారానికోసారి వచ్చి చూసి పోతున్నారు. 317 మాత్రం రోజూ పొద్దున్న ఐదూ నలభైకి వస్తుంది. అదే పేజీ తెరుస్తుంది. పది నిమిషాలు ఉండి వెళ్ళిపోతుంది. ఆ పేజీలో చదవడానికి ఏముంది? వేచి ఉండండి అన్న ఒక్క మాట. దానికి పది నిమిషాలు! నత్త అని పేరు పెట్టాను.

మార్చి 16, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. భోజనం బాగుంది. కోర్సు మాట రాలేదు. నేనూ ఎత్తలేదు.

మార్చి 20, గురువారం

తనిఖీ మళ్ళీ నడిపించాను. నలభై నిమిషాలు పట్టింది. పచ్చ. ఆరు వందల పన్నెండు మందిలో ఎవరు ఏ దారిలో నడిచినా చివరికి చేరతారు. యంత్రం చెప్పింది, నేను కాదు. పసుపు రంగు వాళ్ళు ముప్ఫై ఒక్కమంది అయ్యారు. చదవడానికి బద్ధకం, ఇంకేముంది.

మోడల్లో 88వ పంక్తి మాత్రం తెరిచి చూడలేదు.

మార్చి 26, బుధవారం

మాస్టారిని చూసొచ్చాను. దారిలోనే కదా, పలకరించి వద్దామనిపించింది. దారిలో కాదు. రెండు బస్సులు మారాను.

రెండో అంతస్తు. చిన్న గది. కిటికీ తెరలు దింపి ఉన్నాయి. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నారు. నా గొంతు విని గుర్తుపట్టారు.

"నా బదులు ఎవరొచ్చారు బాబూ?" అన్నారు మొట్టమొదటే.

రేడియో శబ్దం తగ్గించాను.

"ఎవరూ రాలేదా? అయ్యయ్యో. వెళ్ళేముందు ఉత్తరం రాశానే, నాలుగో పాఠానికి మనిషిని పెట్టకపోతే అక్కడే ఆగిపోతారు, మర్చిపోకండని. మీక్కూడా పంపాను."

పంపారు. నేను చదివాను. మెయిల్లో 'తర్వాత' అని ఒక డబ్బా పెట్టుకున్నాను, అందులో వేశాను. అందులో వేసినవేవీ మళ్ళీ తీసిన గుర్తు లేదు.

"మీ మోడల్లో నేను లేకపోతే ఎర్రగా రావాలే?" అన్నారు. ఆయనకి ఇవి కొంచెం తెలుసు. పని మొదట్లో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

అక్కడ అబద్ధం ఆడలేకపోయాను. నవంబర్లో, కోర్సు అప్పగించాల్సిన రోజుకి ముందురోజు, తనిఖీ ఎర్రగా వచ్చింది. మాస్టారు దిద్దకపోతే మనిషి వేచి ఉండే గడిలోనే ఉండిపోతాడని చూపించింది. అప్పుడు 88వ పంక్తి రాశాను. వేచి ఉన్న ప్రతి జవాబునీ మాస్టారు ఎప్పటికైనా దిద్దుతారు. ఇలాంటి ఊహ ఒకటి రాసుకోవడం మా పనిలో తప్పేమీ కాదు, అందరూ రాస్తారు. ఊహ అని రాస్తే యంత్రం దాన్ని నిజమని నమ్మి ముందుకెళ్ళిపోతుంది. ఎప్పటికైనా అంటే రేపు కావచ్చు, నూరేళ్ళ తర్వాత కావచ్చు. యంత్రానికి రెండూ ఒకటే. పచ్చ వచ్చింది. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

మాస్టారు అంతా విన్నారు. కోప్పడతారేమో అనుకున్నాను.

"పోనీ ఒక పని చెయ్యండి. జవాబులు తీసుకొచ్చి చదివి వినిపించండి. చెవులు బాగానే ఉన్నాయిగా నాకు. రోజుకి పది చొప్పున వింటే నాలుగు రోజుల్లో తేలిపోతుంది."

"చూస్తాను మాస్టారూ" అన్నాను.

జవాబులు బయటికి తేవాలంటే డైరెక్టరుగారి అనుమతి కావాలి. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. అంత తేలికేం కాదు. ఆయనకేం, కుర్చీలో కూర్చుని చెప్పేశారు.

అక్కది దిద్దేసే ఉంటారు. అక్క జనవరిలోనే

కాదు. కోర్సు మొదలైందే ఫిబ్రవరిలో. అక్క ఆ నెల చివర్లో పంపింది.

మార్చి 30, ఆదివారం

అక్క చిక్కిపోయింది. అడిగితే "ఎండలురా" అంది. నేను వెళ్ళేసరికి ఫోన్ చూసుకుంటోంది, నన్ను చూసి తెర కిందకి పెట్టి దిండు పక్కన బోర్లించింది.

భోజనం మధ్యలో అడిగింది. "మీ మాస్టారు ఎలాంటి మనిషిరా? కోపిష్టా?"

"లేదే, మంచాయన. ఏం?"

"ఊరికే అడిగాను."

మేనకోడలు తల్లి వంక చూసింది, నా వంక చూసింది, కంచంలోకి చూసుకుంది. ఇంకో ముద్ద కలుపుకున్నాను. చెబుదామనుకున్నాను. తినేటప్పుడు ఎందుకులే అనుకున్నాను. తిన్నాక నిద్రొచ్చింది.

ఏప్రిల్ 2, బుధవారం

డైరెక్టరుగారు పిలిచారు. మే ఐదున బయటి నుంచి పెద్దలు వస్తున్నారట, కోర్సు ఎలా నిరూపించామో నన్ను చెప్పమన్నారు. అరగంట. "మీరు తప్ప ఇంకెవరు చెప్పగలరు చెప్పండి?" అన్నారు.

ఇప్పుడు 88వ పంక్తి సంగతి ఎత్తితే ఆయన మొహం ఎలా మారుతుందో ఊహించగలను. మే ఐదు అయ్యాక చెబుతాను. ఏప్రిల్ ముప్ఫై గడువంటారా, పొడిగిస్తారు. గడువులు పొడిగించని ఆసుపత్రిని నేనింతవరకు చూడలేదు. (ఎన్ని ఆసుపత్రులు చూశాను? ఒకటి. అక్క పనిచేసేది.)

ఏప్రిల్ 7, సోమవారం

చెప్పాలి.

ఏప్రిల్ 8

రేపు చెబుతాను. పొద్దున్నే, ఎవరూ రాకముందే.

ఏప్రిల్ 9

డైరెక్టరుగారు సెలవులో ఉన్నారు. నా తప్పా?

ఏప్రిల్ 10, గురువారం

పసుపు నలభై ఒకటి. నాలుగో పాఠానికి వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడే ఆగలేదు మరి, మొదట్లో చాలామందివి ఇంకెవరో చూశారట. ప్రోగ్రామరమ్మాయే కనుక్కుంది. ఫిబ్రవరిలో కొత్తగా చేరిన ఒకావిడ మూడు వారాలు దిద్ది, వేరే పనికి మారిపోయింది. అప్పట్నించీ ఖాళీ. "నేను డైరెక్టరుగారికి మెయిల్ పెడతాను సార్" అంది. "నేను మాట్లాడతాను, నువ్వు పెట్టకు. మోడల్ నాది" అన్నాను. పెద్దరికం కదా, ఆగిపోయింది.

నత్త ఇవాళ కూడా ఐదూ నలభైకి వచ్చింది. అక్క పొద్దున్న షిఫ్టుకి ఆరింటికి ఇల్లు వదులుతుంది. ఎందుకు రాశానో ఈ మాట. ఆరింటికి ఇల్లు వదిలేవాళ్ళు వేలమంది ఉంటారు. పేర్లు చూడకూడదని నియమం. నియమం నియమమే.

ఏప్రిల్ 13, ఆదివారం

వెళ్ళాను. తిన్నాను. వచ్చాను.

ఏప్రిల్ 15, మంగళవారం

317 ఇవాళ రాలేదు. నెలన్నరలో ఇదే మొదటిసారి. ఫోన్ పాడైందేమో. ఒంట్లో బాగాలేదేమో. పొద్దున్న నుంచి నాలుగుసార్లు చూశాను. నత్త రాకపోతే నాకేంటట?

ఏప్రిల్ 17, గురువారం

జాబితా వచ్చింది. 317 బూడిదరంగులోకి మారింది. అంటే తప్పుకున్నారు. ఎవరైనా మధ్యలో మానేస్తే వెళ్ళడానికి నేనే ఒక గడి గీశాను. అది రెండు గీతల గడి. మా భాషలో చుట్టూ రెండు గీతలుంటే గమ్యం, అక్కడితో ప్రయాణం అయిపోయినట్టు లెక్క. పాసైనవాళ్ళ గడికీ రెండు గీతలే, మానేసినవాళ్ళ గడికీ రెండు గీతలే. తనిఖీ దృష్టిలో నత్త గమ్యం చేరింది.

మధ్యాహ్నం భోజనం చెయ్యలేకపోయాను. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

అక్క ఇల్లంతా కడిగి, అల్మరాలో బట్టలన్నీ మంచం మీద వేసి మడతలు పెడుతోంది. డ్యూటీ చీరలు నాలుగూ వేరే కట్టగా కట్టి ఉన్నాయి. "సెలవు పెట్టాను కొన్నాళ్ళు" అంది. "ఇరవై రెండేళ్ళలో మిగిలిన సెలవులన్నీ ఏం చేసుకోను మరి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎప్పటికన్నా ఎక్కువ వడ్డించింది. అంతా తిన్నాను.

డ్యూటీ చీరలు కట్టగా ఎందుకు కట్టావని అడగలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

మేనకోడలు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎప్పుడూ చెయ్యదు. మెట్ల దగ్గరికెళ్ళి మాట్లాడాను.

"మామయ్యా, అమ్మ ఉద్యోగం మానేసింది. పదహారో తారీకున కాగితం ఇచ్చేసింది."

"మానెయ్యడమేంటి? ఎందుకు?"

"కోర్సు అవ్వనివాళ్ళ పేర్లు బోర్డు మీద పెడతామన్నారంట. వార్డు బయటే, రోగుల తాలూకు వాళ్ళందరూ చూసేచోట. అది ఎక్కేలోపల తనే రాసిచ్చేసింది. నీకు చెప్పొద్దంది. నీ కోర్సులో మీ అక్కే తప్పిందంటే ఆఫీసులో నీకు చిన్నతనంగా ఉంటుందని."



"అమ్మ నంబరెంత?" అన్నాను.

"ఎందుకు మామయ్యా?"

"చెప్పు తల్లీ."

"మూడు వందల పదిహేడు."

తెలుసు. నాకు తెలుసు. పదమూడో తారీకు నుంచీ, మార్చి పదమూడు నుంచీ తెలుసు. ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు, అంతే.

ఏప్రిల్ 23, బుధవారం

డైరెక్టరుగారికి అంతా చెప్పాను. 88వ పంక్తి, మాస్టారి ఉత్తరం, నలభై ఒక్కమంది, అన్నీ. అక్క సంగతి చివర్లో చెప్పాను.

అరుస్తారనుకున్నాను.  అరవలేదు, రెండు ఫోన్లు చేశారు. రిటైరైన నర్సులు ఇద్దరు రేపటి నుంచి దిద్దుతారు. గడువు మే ఇరవై దాకా పొడిగించారు. పొడిగిస్తారన్నానుగా, పొడిగించారు. మొత్తం పదిహేను నిమిషాలు పట్టింది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

"మొదటిరోజే చెప్పి ఉంటే మీ కొంప మునిగేదా?" అన్నారు.

మే ఐదు ప్రసంగం కూడా రద్దు చెయ్యలేదు. ఆ పంక్తి దిద్ది చెప్పమన్నారు. దిద్దాను. ఎప్పటికైనా అన్నది తీసేసి మూడు రోజుల్లోగా అని రాశాను. తనిఖీ వెంటనే ఎర్రబడింది. మూడు రోజులు దాటితే ఇంకో మనిషికి వెళ్ళేలా ఒక బాణం గీశాను. పచ్చ. నవంబర్లోనే చెయ్యాల్సిన పని. గంట పట్టింది.

ఆసుపత్రికి ఫోన్ చేసి 317 గురించి అడిగారు డైరెక్టరుగారు. రాజీనామా ఆమోదించేశారట, ఆ చోట్లో పందొమ్మిదినే ఇంకొకరు చేరారట. తప్పుకున్నవాళ్ళ గడిలోంచి బయటికి బాణం లేదు. నేను పెట్టలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

అనుమతి తీసుకుని అక్క జవాబు తెరిచాను. ప్రశ్న: తనంతట తాను కదల్లేని రోగిని మీరు ఎలా తిప్పుతారు?

"తిప్పేముందు ఆ మనిషికి చెబుతాను. అయ్యా ఇప్పుడు మిమ్మల్ని ఎడమపక్కకి తిప్పుతున్నాను అని. వినపడని వాళ్ళకి కూడా చెబుతాను. గొట్టాలుంటే ముందు అవి చూసుకుంటాను. నా చేతులు చల్లగా ఉంటే రుద్దుకుంటాను. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద వేసి నా వైపుకి తిప్పుకుంటాను. అప్పుడు ఎవరు పిలిచినా పలకను. సగం తిప్పి వదిలేస్తే ఆ మనిషి ప్రాణం గాల్లో ఉంటుంది. పూర్తిగా తిప్పి వీపు వెనక దిండు పెట్టి బాగుందా అని అడిగి అప్పుడు వెళ్తాను. బదులు చెప్పలేనివాళ్ళయితే మొహం చూసి తెలుసుకుంటాను."

దాని కింద సందేహాల డబ్బాలో పదకొండు సందేశాలున్నాయి. ఒక్కటీ ఎవరూ తెరవలేదు.

మార్చి 2: సార్ నా జవాబు అందిందా.

మార్చి 10: తొందరేం లేదు సార్. మీరు దిద్దుతారని మా తమ్ముడు చెప్పాడు.

మార్చి 24: తప్పులుంటే మన్నించండి సార్, ఎనిమిదో తరగతి వరకే చదివాను.

మార్చి 31: మీకు కోపం వచ్చే మాట ఏమన్నా రాశానా సార్.

ఏప్రిల్ 14: తప్పయితే తప్పని ఒక్క మాట చెప్పండి సార్. మళ్ళీ రాస్తాను.

మిగతావి ఇక్కడ ఎక్కించలేను.

మాస్టారికి ఫోన్ చేసి జవాబు చదివి వినిపించాను.

"ఇది పాఠంలో నేను రాయాల్సింది బాబూ" అన్నారు. "పూర్తి మార్కులు. ఎవరావిడ?"

చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. నేనే పెట్టేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, మాస్టారు నీ జవాబు విన్నారు. పూర్తి మార్కులు."

"నిజంగానా?" అంది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. "ఒసేయ్, విన్నావా? పూర్తి మార్కులంట!" అని కూతుర్ని కేకేసింది. "నేను చెప్పలా, పెద్ద మనుషులకి బోలెడు పనులుంటాయి, ఆలస్యమవుతుందంతే అని? మరి ఇన్నాళ్ళూ ఎందుకు పట్టిందట?"

అక్కడ ఆపేసి ఉండొచ్చు. ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఆ మొహం చూస్తూ ఇంకో అబద్ధం నోట్లోంచి రాలేదు. మాస్టారు జనవరిలోనే వెళ్ళిపోయారని చెప్పాను. దిద్దడానికి ఎవరూ లేరని చెప్పాను. ఎప్పటికైనా దిద్దుతారన్నది నేను రాసుకున్న మాటే తప్ప ఎవరూ ఇచ్చిన మాట కాదని చెప్పాను. నాకు మార్చి నుంచీ తెలుసని చెప్పాను.

అక్క గ్యాస్ పొయ్యి కట్టేసింది. పీట లాక్కుని కూర్చుంది.

"మావాళ్ళు ఆరుగురు ఉన్నారురా, నాతోపాటు ఆగిపోయినవాళ్ళు" అంది. "ఆఫీసుకెళ్ళి అడుగుదాం, గట్టిగా అడుగుదాం అన్నారు. నేనే ఆపాను. మా తమ్ముడు చేసింది, అందులో తప్పుండదు, దారి రాసే ఉందన్నాడు, ఓపిక పట్టండి అని."

"అక్కా..."

"వాళ్ళ సంగతి?"

"వాళ్ళది అయిపోతుంది. గడువు పొడిగించారు. వాళ్ళకేం కాదు."

"పోనీలే" అంది. నిజంగానే ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టేది, అలా మెలిపెట్టినా బాగుండేది.

"వారం వారం వచ్చి నా చేతి అన్నం తిని వెళ్ళావు కదరా" అంది. "ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. దాని పక్క నుంచి ఎలా బయటికొచ్చానో గుర్తు లేదు. చెప్పులు వేసుకోలేదని సందు చివర తెలిసింది. వెనక్కి వెళ్ళలేదు.

మే 4, ఆదివారం

పన్నెండున్నరకి అక్క ఫోన్ చేసింది. మొహం చెల్లక ఎత్తలేదు. ఒంటిగంటకి మళ్ళీ చేసింది.

మే 5, సోమవారం

ప్రసంగం అయింది. చప్పట్లు కొట్టారు. ప్రోగ్రామరమ్మాయి కూడా కొట్టింది, నా వైపు చూడకుండా.

మే 8, గురువారం

పసుపు ఒక్కటి కూడా లేదు. నలభై మందీ పాసయ్యారు.

మే 11, ఆదివారం

మధ్యాహ్నం అక్క దగ్గర్నించి సందేశం వచ్చింది. "చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టాను. వచ్చి తిని వెళ్ళు. నేనేం అనను. వస్తావా రావా అదొక్కటి చెప్పరా, అన్నం పెట్టుకుని కూర్చున్నాను."

చదివాను. బదులిస్తాను.

మే 13, మంగళవారం

ఇంకా ఇవ్వలేదు.